సమాచార హక్కు దరఖాస్తు: ఒక బేల్దారి మేస్త్రీ రాసిన రివ్యూ

ముందే లెక్క చెప్పేస్తా. పోస్టల్ ఆర్డరు 10 రూపాయలు. స్పీడ్ పోస్టు, ఆటో, జిరాక్సు అన్నీ కలిపి ఇంకో 300 దాకా అయింది. మూడు రోజుల కూలి పోయింది. దరఖాస్తు వేసిన రోజు నుంచి కాగితాలు చేతికి రావడానికి 74 రోజులు పట్టింది. వచ్చినవి 43 పేజీలు. ఐదు స్టార్లకు నేనిచ్చేది మూడున్నర. ఆ మూడున్నర ఎందుకిచ్చానో, మిగతా ఒకటిన్నర ఎక్కడ పోయిందో వివరంగా రాస్తున్నా. మీలో ఎవరికైనా పనికొస్తే చాలు.

తిరుపతి చుట్టుపక్కల 31 ఏళ్ళుగా బేల్దారి పని చేస్తున్నాను. చదివింది పదో తరగతి వరకే. టైపు చేసేది మా అమ్మాయి, మాటలు నావి. మా ఊరి పేరు, ఆఫీసు పేరు రాయడం లేదు. ఆ ఆఫీసులో నాకు అడ్డం పడినవాళ్ళూ ఉన్నారు, సాయం చేసినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు రాయాల్సింది దరఖాస్తు పద్ధతి గురించి.

మా వీధికి సిమెంటు రోడ్డు పోశారు. 120 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. వీధిలో అందరం సంతోషపడ్డాం. అంతకుముందు వానాకాలంలో మా అమ్మ బురదకు భయపడి గడప దాటేది కాదు. రోడ్డు పోసిన మూడు రోజులు మాత్రం నీళ్ళు కొట్టారు, నాలుగో రోజు ట్యాంకరు రాలేదు. కాంక్రీటుకు కనీసం వారం, పది రోజులైనా తడి ఆరకూడదు. నేనే బకెట్లతో మా ఇంటి ముందు వరకు తడిపాను. రెండు నెలలు తిరక్కముందే మలుపు దగ్గర పైపొర లేచిపోయి జల్లి బయటపడింది. తర్వాత ఒక ఇంటివాళ్ళు కుళాయి పైపు కోసం అంచున తవ్వితే రోడ్డు పక్కభాగం కేకు కోసినట్టు కనిపించింది. నా సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. పెట్టి చూశా. నాలుగు అంగుళాలు. కొంచెం పక్కన నాలుగుకు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువ.

ఇట్లాంటి వీధి రోడ్లు నేను కూలికి పోసినవాణ్ణే. ఆరంగుళాలు, అంటే 150 మిల్లీమీటర్లు పోయడం మామూలు. లెక్క వేసుకున్నా. ఆరంగుళాలైతే ఈ రోడ్డుకు 54 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు పట్టాలి. నాలుగైతే 36కే సరిపోతుంది. తేడా 18 క్యూబిక్ మీటర్లు. సిమెంటు ఒకటికి ఇసుక ఒకటిన్నర, జల్లి మూడు పాళ్ళ కాంక్రీటుకు క్యూబిక్ మీటరుకు ఎనిమిది మూటల సిమెంటు పోతుంది. అంటే 144 మూటలు. ఇసుక, జల్లి, కూలి వేరే. ఆ 144 మూటలు మా వీధికి రాలేదు. మరి బిల్లు ఎన్ని మూటలకు ఇచ్చారు? కాగితంలో ఆరంగుళాలని ఉందా, నాలుగని ఉందా? కాగితం చూడకుండా ఒకరిని దొంగ అనడం నాకు ఇష్టం లేదు. నా పనిలో కూడా రసమట్టం పెట్టి చూడకుండా గోడ వంకర అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

ఆఫీసుకు పోయి నోటిమాటగా అడిగాను. అక్కడ కూర్చున్నాయన తల ఎత్తకుండానే, 'నీకెందుకు మేస్త్రీ అవన్నీ' అన్నాడు. ఆ మాటకు బదులు చెప్పలేక బయటికి వచ్చేశా. చట్టంలో దానికి జవాబుందని తర్వాత తెలిసింది. సమాచార హక్కు చట్టం 6(2) సెక్షను ప్రకారం దరఖాస్తు చేసేవాడు కారణం చెప్పక్కర్లేదు. కారణం చెప్పలేదని కాగితం ఆపకూడదు. ఆ ఒక్క సెక్షనుకే నేను ఒక స్టారు పూర్తిగా ఇస్తాను.

మీ సేవతో పోల్చి ఒక మాట చెప్పాలి. మీ సేవ 2011 నవంబరు 4న మొదలైంది అప్పటి మన చిత్తూరు జిల్లాలోనే. ఆదాయం సర్టిఫికెట్టు, అడంగలు, ఇట్లాంటివాటికి మధ్యవర్తులకు డబ్బులిచ్చే బాధ అప్పటి నుంచి చాలా తగ్గింది. ఇప్పుడు 2025 జనవరి నుంచి వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలకు మన మిత్ర కూడా వచ్చింది, మా అమ్మాయి ఫోన్లోనే అన్నీ చూస్తుంది. అయితే అక్కడ మనం అడిగేది మన కాగితం. సమాచార హక్కులో అడిగేది వాళ్ళ కాగితం. అందుకే ఇక్కడ బటన్ నొక్కితే పని అయిపోదు, ఓపిక కావాలి. ఈ సంగతి ముందే తెలుసుకుని దిగండి.

దరఖాస్తు మొదట నేను రాసింది ఇట్లా ఉండింది: 'మా వీధి రోడ్డు ఎందుకు నాసిరకంగా వేశారు? బాధ్యులపై ఏం చర్య తీసుకుంటారు?' మా అమ్మాయి చదివి, 'నాయనా, ఇట్లా రాస్తే ఇది ప్రశ్న, మా దగ్గర సమాచారం లేదు అని తిప్పి పంపుతారు' అంది. చట్టంలో సమాచారం అంటే ఆఫీసులో ఉన్న రికార్డు. ఎందుకు, ఏమిటి అనే సంజాయిషీ కాదు. ఇద్దరం కూర్చుని రెండోసారి రాశాం. మా వీధి రోడ్డు ఎస్టిమేటు కాపీ. కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంటు కాపీ. ఎం-బుక్‌లో ఆ పనికి సంబంధించిన పేజీలు. ఇప్పటిదాకా చెల్లించిన బిల్లులు. కాంక్రీటు దిమ్మెల పరీక్ష రిపోర్టు. కొలతలు రాసిన అధికారి, వాటిని మళ్ళీ సరిచూసిన అధికారి, ఇద్దరి హోదాలు. చివర్లో, 2(జె) సెక్షను కింద ఈ ఫైలును నేను స్వయంగా చూడటానికి ఒక తేదీ ఇవ్వండి అని ఒక వాక్యం. ఈ చివరి వాక్యం మర్చిపోవద్దు. నా పని సగం దానితోనే అయింది.

ఎం-బుక్ అంటే తెలియనివాళ్ళకు: ప్రభుత్వ పని ఏదైనా పొడవు, వెడల్పు, మందం కొలిచి ఒక పుస్తకంలో రాస్తారు. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు రాస్తాడు, ఆయన పైన ఉండే డీఈ సరిచూస్తాడు. ఆ పుస్తకంలో ఎంత ఉంటే అంతకే బిల్లు. రోడ్డు వీధిలో ఎట్లా ఉన్నా, డబ్బు కదిలేది మాత్రం ఆ పుస్తకాన్ని బట్టే.

ఫీజు సంగతి. మన రాష్ట్రంలో ఊరి స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. కాపీలకు పేజీకి 2 రూపాయలు. ఫైలు చూడటానికి మొదటి గంట ఉచితం. పోస్టల్ ఆర్డరు ఎవరి పేరు మీద రాయాలో ముందే కనుక్కోండి. పేరు తప్పయిందని వెనక్కి పంపితే వారం పోతుంది.

పోస్టు చేసిన రాత్రి మా అమ్మాయి ఈ చట్టం ఎక్కడి నుంచి వచ్చిందో చదివి వినిపించింది. రాజస్థాన్‌లో కరువు పనులకు పోయిన కూలీలకు పూర్తి కూలి ఇవ్వకపోతే, వాళ్ళు అడిగింది మస్టర్ రోళ్ళు, అంటే కూలీల హాజరు పట్టీలు, బిల్లులు. 1994లో ఊళ్ళల్లో అందరి ముందూ ఆ లెక్కలు పైకి చదివించారు. చనిపోయినవాళ్ళ పేర్ల మీద, ఆ పనికే పోనివాళ్ళ పేర్ల మీద కూలి రాసి ఉంది. 1996లో బేవార్ అనే ఊళ్ళో 40 రోజులు ధర్నా చేశారు. 2005 అక్టోబరు 12 నుంచి ఈ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది. వింటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఈ చట్టం చదువుకున్న పెద్దలు మన మీద దయతో ఇచ్చారని అనుకుంటూ వచ్చాను. మట్టి మోసినవాళ్ళు తమ కూలి లెక్క అడిగితే పుట్టింది. వాళ్ళు అడిగిన మస్టర్ రోలుకు, నేనడిగిన ఎం-బుక్‌కు పెద్ద తేడా లేదు.

ఇక టెన్షన్ పడిన రోజులు. జవాబుకు గడువు 30 రోజులు. 26వ రోజు సాయంత్రం కాంట్రాక్టరు తరఫు మనిషి ఇంటికి వచ్చాడు. మంచిగానే మాట్లాడాడు. 'అన్నా, మనమంతా ఒక పని చేసుకునేవాళ్ళం. లేఅవుట్లో రెండంతస్తుల ఇల్లు ఒకటి మొదలవుతా ఉంది, లేబర్ కాంట్రాక్టు నీకే ఇప్పిస్తా. ఆ అర్జీ వాపసు తీసుకో' అన్నాడు. ఆ నెలలో నాకు నిజంగానే పని లేదు. ఇద్దరు కూలీలకు అడ్వాన్సు బాకీ ఉన్నా. మా ఆవిడ గడప దగ్గర నిలబడి అంతా విన్నది. అతను పోయాక, 'ఏమయ్యా, ఒప్పుకుంటావా?' అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కొన్నేళ్ళ కింద ఒక ఆఫీసులో ఇంటి పన్ను పేరు మార్చడానికి నేను 2,000 ఇచ్చాను. అడిగారు, ఇచ్చాను. ఇవ్వకపోతే ఇంకో ఆరు నెలలు తిప్పుతారని భయం. ఆ డబ్బు కంటే, ఇచ్చేటప్పుడు నేను నవ్వుతూ ఇచ్చానన్నది ఇప్పటికీ గుర్తొస్తుంది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని మార్చాక లంచం ఇచ్చినవాడిది కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లో పోలీసులకో ఏసీబీకో చెబితే మినహాయింపు ఉంది. ఇవ్వకముందే ఏసీబీకి చెబితే ఇంకా మేలు. నేను పని చేసిన ఒక ఇంటి యజమాని అట్లా చెప్పి ఒకరిని పట్టించాడు. నోట్లకు కనబడని తెల్ల పౌడరు రాసి ఇస్తారంట. పుచ్చుకున్నాయన వేళ్ళను సోడా కలిపిన నీళ్ళ గ్లాసులో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో గెలిచిన సంతోషం ఏమీ లేదు. ఆ ఉద్యోగికి చిన్నపిల్లలున్నారని బాధపడ్డాడు. అయినా చేశాడు.

పొద్దున్నే లేచి మా ఆవిడతో, 'వాపసు తీసుకోను' అన్నాను. ఆమె, 'సరే, ఆ ఇంటి పని లేకపోతే ఇంకోటి వస్తుందిలే' అంది. ఆ ధైర్యం ఆమె నాకివ్వకపోయి ఉంటే ఈ రివ్యూ ఉండేది కాదు.

30 రోజులు దాటాయి. జవాబు లేదు. 34వ రోజు మొదటి అప్పీలు పంపాను. దానికి నన్నెవరూ ఫీజు అడగలేదు. అదే శాఖలో పై అధికారికి రాయాలి, గడువు దాటిన 30 రోజుల్లోపల రాయాలి. 41వ రోజు ఒక ఉత్తరం వచ్చింది. ఎస్టిమేటు 11 పేజీలు, 22 రూపాయలు కట్టి తీసుకుపోండి. ఎం-బుక్, బిల్లులు మూడో వ్యక్తికి, అంటే కాంట్రాక్టరుకు సంబంధించినవి కాబట్టి ఇవ్వడం కుదరదు. ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను. రోడ్డు మా వీధిది, డబ్బు ప్రజలది, కొలిచింది ప్రభుత్వ ఉద్యోగి. ఇందులో మూడో వ్యక్తి రహస్యం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. ఇంకోటి, 7(6) సెక్షను ప్రకారం గడువు దాటాక ఇచ్చే కాగితాలకు డబ్బు తీసుకోకూడదు. 22 రూపాయలు పెద్ద మొత్తం కాదు, కట్టేసేవాణ్ణే. మా అమ్మాయే వద్దంది. కట్టేస్తే వాళ్ళ ఆలస్యం లెక్కలో కనబడకుండా పోతుందని.

61వ రోజు అప్పీలు విచారణ. నేను పని బట్టల్లో కాకుండా ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. పై అధికారి వయసులో పెద్దాయన. నేను నిలబడే మాట్లాడబోతే, 'కూర్చోండి' అన్నారు. ప్రభుత్వ ఆఫీసులో నాతో ఆ మాట అన్నవాళ్ళు తక్కువ. నా దరఖాస్తు, వాళ్ళ ఉత్తరం రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. ప్రజల డబ్బుతో చేసిన పనికి కొలతల పుస్తకం రహస్యం కాదు, వారంలోగా ఫైలు చూపించి, అడిగిన కాపీలన్నీ ఉచితంగా ఇవ్వండి అని అక్కడే రాయించారు. పది నిమిషాల్లో అయిపోయింది. ఆయనకు, ఆ కుర్చీకి కలిపి ఇంకో స్టారు.

68వ రోజు ఫైలు చూశాను. రికార్డు గదిలో ఉండే అటెండరు ఎం-బుక్ తెచ్చి, చేతిగుడ్డతో దుమ్ము తుడిచి నా ముందు పెట్టాడు. 'పేజీ నంబర్లు వరసగా ఉన్నాయా చూసుకోండి. ఈ పుస్తకానికి నంబర్లు అచ్చువేసి వస్తాయి, మధ్యలో చింపితే తెలిసిపోతుంది' అని మెల్లగా చెప్పి పక్కకు పోయాడు. అతను అట్లా చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. నంబర్లు సరిగానే ఉన్నాయి.

పుస్తకం పొడవాటి గళ్ళతో ఉంది. నీలం ఇంకు. మా రోడ్డును నాలుగు ముక్కలుగా రాశారు, ఒక్కోటి 30 మీటర్లు. వెడల్పు గడిలో నాలుగు చోట్లా 3.00. మందం గడిలో నాలుగు చోట్లా 0.15. నా వేలు ఆ 0.15 మీద పెట్టి చాలాసేపు అట్లే ఉండిపోయాను. నేను 31 ఏళ్ళలో ఎన్నో శ్లాబులు పోశాను. ఎంత బాగా పోసినా నాలుగు చోట్ల కొలిస్తే ఒకచోట రెండు మిల్లీమీటర్లు ఎక్కువ, ఒకచోట తక్కువ వస్తుంది. నాలుగు చోట్లా ఒకే అంకె వచ్చిందంటే నా అనుభవంలో అది టేపుతో కొలిచింది కాదు. కానీ అది నా అనుమానం మాత్రమే, సాక్ష్యం కాదు. సాక్ష్యం దాని కింద ఉంది. కొలతలు తీసిన తేదీ.

ఆ తేదీ చూడగానే నాకు గుర్తొచ్చింది. అది మన గంగమ్మ జాతరలో బైరాగి వేషం రోజు. మే నెల, బుధవారం. ఆ రోజు మా మనవడికి ఒళ్ళంతా నామం పూసి, చేతికి వేపమండలిచ్చి తాతయ్యగుంట గంగమ్మ గుడికి తీసుకుపోయాం. బయలుదేరే ముందు వీధిలో నిలబెట్టి ఫొటో తీశాను. ఫోను అక్కడే తెరిచి చూశాను. తెల్లగా మెరిసిపోతున్న పిల్లవాడు, వాడి వెనక మట్టి వీధి, ఎడమ పక్కన నడుమెత్తు జల్లి కుప్ప. ఫొటో కింద తేదీ అదే. పోసిన రోజు నాకు బాగా గుర్తు, జాతర అయిపోయిన తర్వాతి వారం. ఇంకా పోయని రోడ్డు మందం పుస్తకంలో 0.15 మీటర్లుగా ఎక్కింది.

చేతులు వణికాయి. కోపమో భయమో నాకే తెలియలేదు. అటెండరు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

దిమ్మెల పరీక్ష రిపోర్టు అడిగాను కదా, దానికి 'రికార్డులో అందుబాటులో లేదు' అని రాసి సంతకం పెట్టి ఇచ్చారు. చాలామంది ఇట్లాంటి జవాబు వస్తే నిరాశపడి పారేస్తారు. పారేయకండి. ఆరంగుళాల ఘనాలుగా దిమ్మెలు పోసి, 28 రోజులకు మిషనులో పెట్టి పగలగొట్టి బలం చూస్తారు. ఆ కాగితం లేదని వాళ్ళే సంతకంతో చెప్పారంటే, దాన్ని చూడకుండానే బిల్లు ఇచ్చారా అని అడగడానికి ఆ సంతకమే ఆధారం.

74వ రోజు 43 పేజీలు ఉచితంగా, ప్రతి పేజీ మీద ముద్రతో ఇచ్చారు. ఇంటికి రాగానే మూడు సెట్లు జిరాక్సు తీయించి మూడు ఇళ్ళల్లో పెట్టాను. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో నిప్పు అంటుకుని భూముల ఫైళ్ళు కాలిపోయిన వార్త మనందరం చూశాం. కాగితం ఒక్క బీరువాలోనే ఉంటే ఏమవుతుందో అప్పటి నుంచి నా మనసులో ఉంది.

ఆ తర్వాతి సోమవారం తిరుచానూరు పద్మావతి నిలయంలో ఉన్న కలెక్టరేటుకు పోయి, ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కాగితాలు, ఫొటో జతచేసి అర్జీ ఇచ్చాను. రసీదు ఇచ్చారు. నెలన్నరకు వేరే విభాగం నుంచి ముగ్గురు వచ్చారు. కోర్ మిషను పెట్టి రోడ్డును మూడు చోట్ల గుండ్రంగా కోసి, కడ్డీలాగా బయటికి తీశారు. వీధి వీధంతా చుట్టూ చేరింది. స్కేలు పెట్టి అందరి ముందూ చదివారు. 98 మిల్లీమీటర్లు, 104, 101. మా ఎదురింటి అవ్వ, 'అంటే ఏంది నాయనా?' అని అడిగితే, 'మూడో వంతు తక్కువ పోశారవ్వా' అని చెప్పాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని ఇంట్లోకి పోయింది.

ప్రస్తుతానికి కాంట్రాక్టరుకు రావాల్సిన మిగతా సొమ్ము ఆపారు. మలుపు నుంచి రోడ్డు మళ్ళీ పోయాలని చెప్పారు, ఇంకా మొదలు కాలేదు. కొలతలు రాసిన అధికారికి నోటీసు ఇచ్చినట్టు నాకు ఉత్తరం వచ్చింది. ఆ నోటీసుకు ఆయన ఏం జవాబిచ్చారో తెలుసుకోవడానికి మళ్ళీ దరఖాస్తు వేయాలి.

తగ్గించిన ఒకటిన్నర స్టారు గురించి. సగం స్టారు ఆలస్యానికి. చట్టంలో ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయలు, మొత్తం 25,000 దాకా జరిమానా ఉంది. అది వేసేది సమాచార కమిషన్. మొదటి అప్పీలుతోనే పని అయినవాడు ఆ జరిమానా కోసం కమిషన్ దాకా పోడు. నేనూ పోలేదు. అందువల్ల 41 రోజులు ఆపినా ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంకో సగం భయానికి. కాంట్రాక్టరు మనిషి మర్యాదగా వచ్చాడు కాబట్టి సరిపోయింది. 2010లో పూణే దగ్గర సతీష్ శెట్టి, అహ్మదాబాద్‌లో అమిత్ జెఠ్వా, ఇద్దరూ ఇట్లా కాగితాలు అడిగి బయటపెట్టినవాళ్ళే, ఇద్దరినీ చంపేశారు. అక్రమాలు బయటపెట్టేవాళ్ళను కాపాడటానికి 2014లో పార్లమెంటు ఒక చట్టం చేసింది, కానీ దాన్ని అమల్లోకి తేకుండా ఏళ్ళు గడిపేశారు. దీనికి తోడు, వ్యక్తిగత డేటా రక్షణకని 2023లో తెచ్చిన చట్టం సమాచార హక్కులోని 8(1)(జె)ని మార్చింది. ఇంతకుముందు వ్యక్తిగత వివరమైనా ప్రజలకు మేలు ఉంటే ఇవ్వొచ్చని అక్కడే రాసి ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు, ఇవ్వక్కర్లేదు అన్నట్టు కుదించారు. 8(2) సెక్షనులో ప్రజాప్రయోజనం మాట ఇంకా ఉంది, దాన్ని పట్టుకుని వాదించాలి. రేపు ఎవరైనా, కొలతలు రాసిన అధికారి పేరు కూడా వ్యక్తిగతం అంటే నా లాంటివాడు ఎంతవరకు వాదించగలడు?

చివరి సగం స్టారు అసలు ఈ దరఖాస్తు వేయాల్సి వచ్చినందుకు. చట్టం 4వ సెక్షనులో ప్రతి ఆఫీసూ తన పనులు, ఖర్చులు, అధికారుల వివరాలు ఎవరూ అడక్కుండానే బయటపెట్టాలని ఉంది, 17 అంశాల జాబితా ఇచ్చి మరీ. మా రోడ్డు మొదట్లో ఒక బోర్డు పెట్టి, ఎంత డబ్బు, ఎంత మందం, ఎవరు పోస్తున్నారు అని నాలుగు లైన్లు రాసి ఉంటే, పోస్తున్న రోజే వీధిలోవాళ్ళు స్కేలు పెట్టి చూసేవాళ్ళు. ఉపాధి హామీ పనులకు మన రాష్ట్రంలో 2006 నుంచే సోషల్ ఆడిట్ మొదలుపెట్టారు. మస్టరు, కొలతలు ఊళ్ళో తిరిగి సరిచూసి, మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివారు. కూలీల పనికి ఆ లెక్క అడిగినప్పుడు, కాంట్రాక్టరు పనికి ఎందుకు అడగకూడదు? ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు 1964 నుంచి ఉన్నాయి, ఏటా తమ ఆస్తుల వివరాలు ఇవ్వాలని కూడా వాటిలో ఉంది. రాసుకున్న నియమాలకు కొదవ లేదు. వాటిని వీధిలోకి తెచ్చి చూపించే బోర్డు ఖరీదు వెయ్యో రెండు వేలో ఉంటుంది.

అయినా వాడమనే చెబుతాను. గుర్తుపెట్టుకోవాల్సింది కొంచెమే. కాగితం అడగండి, సంజాయిషీ అడగొద్దు. ఒక దరఖాస్తులో ఒక్క పని గురించే రాయండి. స్పీడ్ పోస్టు రసీదు పారేయకండి. తప్పు ఆఫీసుకు పోయినా భయం లేదు, ఐదు రోజుల్లో సరైన చోటికి వాళ్ళే పంపాలి. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లో జవాబివ్వాలి.

మా వీధిలో ఇప్పుడు మురుగు కాలువకు సున్నంతో గీతలు వేశారు. ఈసారి పని మొదలు కాకముందే ఎస్టిమేటు అడుగుతున్నాం. అడిగేది నేను కాదు, ఎదురింటి అవ్వ. కోర్ తీసిన రోజు సాయంత్రం తనే వచ్చి, 'నా పేరుతో కూడా రాయి నాయనా' అంది. పేదరికపు రేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు, కార్డు జిరాక్సు జతచేస్తే చాలు. రాయడం రానివాళ్ళు నోటితో చెబితే రాసిపెట్టే బాధ్యత సమాచార అధికారిదే, ఆ సంగతి కూడా చట్టంలో ఉంది. కానీ అవ్వ అక్కడిదాకా నడవలేదు. అందుకని మా అమ్మాయే రాసి, రెండుసార్లు చదివి వినిపించింది. అవ్వ ఎడమ బొటనవేలికి సిరా రాసి కాగితం మీద ఒత్తింది. ఆరడానికి మా అరుగు మీద పెట్టాం. ఎగిరిపోకుండా పైన నా తాపీ పెట్టాను. రేపు పొద్దున పోస్టు చేస్తాను.